బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బం: ఆ బరువు ఎక్కడిది?

ఇంగ్లండ్ హెవీ రాక్ బ్యాండు బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బం మాటెత్తితే చాలు, దెయ్యాలూ క్షుద్రపూజలూ వరస కట్టేస్తాయి. ఇందులో రికార్డు కంపెనీ పుణ్యం చాలా ఉంది. విడుదల తేదీ 1970 ఫిబ్రవరి 13, పాశ్చాత్యులు అపశకునమనుకునే పదమూడో తేదీ శుక్రవారం. అట్ట మీద మేపుల్‌డర్హం నీటిమిల్లు ముందు నల్లని బట్టల్లో ఒక స్త్రీ, అట్ట విప్పితే తలకిందుల శిలువ. ఆ శిలువ గురించి బ్యాండువాళ్లను ఎవరూ అడగలేదు కూడా. ఈ హంగంతా పక్కనబెట్టి పాటలే వింటే వినిపించేది బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివారి పాటల బాణీ. కాకపోతే వేగం తగ్గించి, స్వరాల మధ్య ఖాళీలు వదిలేసిన బ్లూస్.

బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ కుర్రాళ్లు నలుగురూ అంతకుముందు 'ఎర్త్' పేరుతో బ్లూసే వాయించేవారు. 'ది విజార్డ్' మొదలయ్యేది గాయకుడు ఆజీ ఆస్బోర్న్ హార్మోనికాతో. పది నిమిషాలు దాటే 'వార్నింగ్' ఏన్‌స్లీ డన్‌బార్ బృందం నుంచి తెచ్చుకున్నది. 1969 అక్టోబర్‌లో లండన్ రీజెంట్ సౌండ్ స్టూడియోలో, రాడ్జర్ బెయిన్ నిర్మాతగా, స్టేజీ మీద వాయించినట్టే కలిసి వాయిస్తూ దాదాపు ఒక్కరోజులో రికార్డింగ్ ముగించారు. వాన చప్పుడు, గంట మోత తర్వాత కలిపినవి.

బ్యాండు పేరే పెట్టుకున్న మొదటి పాటలో రిఫ్‌కి (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ పలుకుకి) మూడే మెట్లు. జి ని షడ్జమం అనుకుంటే: షడ్జమం, తారషడ్జమం, అక్కణ్ణుంచి దిగి వణుకుతూ నిలిచే ప్రతిమధ్యమం. 'సైతాను స్వరాంతరం' అని పాశ్చాత్యులు భయపెట్టేది ఈ దూరాన్నే. మనకి 72 మేళకర్తల్లో 36 ప్రతిమధ్యమానివే, కల్యాణి విని జడుసుకున్నవాడు లేడు. కల్యాణిలో గాంధారం, నిషాదం తోడుంటాయి. ఇక్కడ ఆ రెండూ రావు. పైగా గిటార్ హోరెత్తినప్పుడు మొదటి మెట్టు పవర్ కార్డ్ కాబట్టి షడ్జమంతోపాటు పంచమం కూడా మోగుతుంది. చెవిలో ఆ పంచమం ఆరకముందే దానికి అర్ధస్వరం కింద ప్రతిమధ్యమం వచ్చి నిలబడుతుంది. భయం ఈ రాపిడిలో ఉంది.

వాయించడం కష్టం కాదు. ఐదో తీగ 10వ ఫ్రెట్, నాలుగో తీగ 12వ ఫ్రెట్ కలిపి కొట్టాలి. తర్వాత మూడో తీగ 12. చివరికి నాలుగో తీగ 11వ ఫ్రెట్ మీద ఆగి, 12తో ట్రిల్ (రెండు స్వరాల్నీ గబగబా మార్చి మార్చి పలికించడం). ట్యూనింగ్ మామూలు ఇ ట్యూనింగే. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. తీగల్ని మూడు అర్ధస్వరాలు దించడం 1971లో వచ్చిన మూడో ఆల్బం నాటి పద్ధతి. దాన్ని ఇక్కడ వాడితే తీగలు వదులై ట్రిల్ మసకబారుతుంది.

రెండో పొరపాటు డిస్టార్షన్ (నాదాన్ని గరగరలాడించడం) మితిమీరడం. గిటారిస్టు టోనీ అయోమీ వాడింది లేనీ వాల్వ్ యాంప్ (యాంప్లిఫయర్), దాని ముందు డల్లాస్ రేంజ్‌మాస్టర్ ట్రెబుల్ బూస్టర్. బూస్టర్ పైస్థాయి శబ్దాన్నే ఎక్కువగా పెంచి పంపుతుంది కాబట్టి యాంప్ ఎంత గోలపెట్టినా కింది స్వరాలు బురద కావు. డిస్టార్షన్ బాగా పెంచే ఇవాళ్టి హై గెయిన్ పెడల్ పెట్టి, కింది స్వరాల్ని పెంచే బేస్ నాబ్ కూడా తిప్పేస్తే పంచమం, ప్రతిమధ్యమం ఒకే రొద అయిపోతాయి. పెడల్ గెయిన్ సగానికి దించి యాంప్ వాల్యూమ్ పెంచుకోవడం మేలు.

అయోమీ ఎడమచేతి వాటం. పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీ యంత్రంలో పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరంవేలు కొసలు పోయాయి. అతను తీగ నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని, పైన తోలు అంటించుకున్నాడు. సన్నతీగల సెట్లు దొరక్క బాంజో తీగలు కట్టాడు. తొడుగుకి స్పర్శ తెలియదు, సన్నతీగ కాస్త గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది. రెండు మూడు తీగల కార్డులు, వెడల్పాటి వైబ్రేటో (స్వరాన్ని ఊపడం) అతనికి అలవాటు కావడంలో ఈ ఇబ్బందుల పాత్ర తక్కువేం కాదు. ఫ్యాక్టరీ సుత్తి దెబ్బలే సంగీతమయ్యాయన్న ప్రచారం కన్నా నాకు ఇదే నమ్మదగ్గ కారణం.

బిల్ వార్డ్ జాజ్ విని పెరిగిన డ్రమ్మర్. అతని వాయింపు తూగుతుంది. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) పెట్టి బిగదీసి వాయిస్తే ఈ ఆల్బంలోని 'ఎన్.ఐ.బి.' సాదాసీదా మార్చింగ్ పాటైపోతుంది. గీజర్ బట్లర్ గిటార్ నుంచి బేస్ గిటార్‌కి మారినవాడు, అందుకే రిఫ్‌ని వదలకుండా వెంటే నడుస్తాడు.

అన్నీ గొప్పవి కావు. 'వార్నింగ్' సోలో సాగదీతే, నిర్మాత కొంత కోసేసినా సరే. బ్రిటన్ ముద్రణలోని 'ఈవిల్ వుమన్' సింగిల్ అమ్ముకోవడానికి పెట్టిన అరువు పాట. అమెరికా ముద్రణలో దాని చోట 'వికెడ్ వరల్డ్' ఉంది. కొనేవాళ్లు అది ఉన్న ప్రతే కొనడం మంచిది. ఆ ఒక్క పాటా ఫెండర్ స్ట్రాటోకాస్టర్ మీద వాయించాక దాని పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) చెడిపోయింది, మిగతావన్నీ గిబ్సన్ ఎస్‌జీ మీద పూర్తయ్యాయి. రెండు గిటార్ల నాదాన్నీ అదే యాంప్ మీద పక్కపక్కన పోల్చుకునే వీలు ఆ ప్రతిలోనే ఉంది.