చిక్కటి మడ్ ఒక్కటే బావిని శుభ్రం చేయదు

ఆయిల్ బావి తవ్వేటప్పుడు పైపు గుండా మడ్ అనే బురదలాంటి ద్రవాన్ని కిందికి పంపుతారు. అది తెగిన రాతిముక్కల్ని (కటింగ్స్) పైకి మోసుకొస్తుంది, పైన షేకర్ అనే జల్లెడ వాటిని వేరుచేస్తుంది. ఈ డ్రిల్లింగ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. "మడ్ ఎంత చిక్కగా ఉంటే కటింగ్స్ అంత బాగా పైకొస్తాయి. షేకర్ మీదికి రాళ్లు రావడం ఆగిందంటే బావి శుభ్రమైనట్టే. అప్పటికీ అనుమానముంటే చిక్కటి పిల్ (విడిగా కలిపిన కొద్దిపాటి మడ్) ఒకటి పంపితే సరి." ఈ మూడు మాటలూ నిలువు బావిని మనసులో పెట్టుకుని చెప్పినవి. ఇప్పుడు తవ్వుతున్న బావుల్లో చాలావరకు వంగుతాయి, కొన్ని పూర్తిగా అడ్డం తిరుగుతాయి.

మొదటి మాటలో కొంత నిజముంది. నిలువు బావిలో రాతిముక్క కిందికి జారే వేగం కన్నా మడ్ పైకొచ్చే వేగం ఎక్కువుంటే చాలు, ముక్క బయటపడుతుంది. మడ్ చిక్కబడితే ఆ జారుడు తగ్గుతుంది. పంపులు ఆపినప్పుడు మడ్ జెల్‌లా మారి ముక్కల్ని ఎక్కడివక్కడ పట్టి ఉంచడం కూడా అవసరమే.

అడ్డంగా తవ్విన బావిలో మాత్రం ముక్క కింది గోడకు చేరడానికి పడాల్సింది కొన్ని అంగుళాలే. డ్రిల్ పైపు కూడా బరువుకు ఆ గోడ మీదే వాలి ఉంటుంది. దాంతో పైపుకు పైన వెడల్పు దారి, కింద ఇరుకు సందు మిగులుతాయి. మడ్ సులువైన దారినే పోతుంది. అది చిక్కబడేకొద్దీ ఇరుకు సందులో కదలిక ఇంకా తగ్గుతుంది. కటింగ్స్ పేరుకునేది సరిగ్గా అక్కడే.

30 నుంచి 60 డిగ్రీల వంపు మరీ మొండిది. అక్కడ పేరుకున్న మేట పంపులు ఆపగానే కిందికి జారి పైపు చుట్టూ బిగుసుకోగలదు. బాయ్‌కాట్ అనే పాథాలజిస్టు 1920లో ఒక సంగతి రాశాడు: గొట్టాన్ని నిలువుగా కాకుండా వాలుగా పెడితే రక్తకణాలు త్వరగా అడుగుకు చేరతాయని. బావిలోనూ అదే జరుగుతుంది.

మేటను లేపేవి వేగం, పైపు తిప్పడం. నిమిషానికి 500 గ్యాలన్లు పంపుతున్నామని, పైపు 5 అంగుళాలదని అనుకుందాం. 8½ అంగుళాల బావిలో మడ్ నిమిషానికి దాదాపు 260 అడుగుల వేగంతో పైకొస్తుంది. 12¼ అంగుళాల బావిలో అదే పంపింగ్‌కు 98 అడుగులే. పెద్ద బావికి ఇంకా ఎక్కువ పంపాలి. కానీ మడ్ చిక్కబడితే పంపు ప్రెషర్ లిమిట్ ముందే వచ్చేస్తుంది, పంపింగ్ తగ్గించక తప్పదు. మడ్ తిరుగుతున్నప్పుడు అడుగున ఒత్తిడి కూడా పెరుగుతుంది. రాతిపొర దాన్ని తట్టుకోలేక పగిలితే మడ్ పొరలోకి పోతుంది, పైకొచ్చే మడ్ తగ్గిపోతుంది.

తిప్పడం గురించి ఆ సలహాలో ఒక్క ముక్క లేదు. పెద్ద సైజు వాలు బావుల్లో నిమిషానికి 120 తిప్పులైనా ఉండాలని రిగ్ మీద అంటుంటారు. తిరిగే పైపు కింది మేటను కెలికి ముక్కల్ని పైనున్న వేగమైన ప్రవాహంలోకి విసురుతుంది. అడుగునున్న మోటార్‌తో బిట్‌ను (రాయిని కోసే మొన) మాత్రమే తిప్పుతూ, అంటే స్లైడ్ చేస్తూ తవ్వేటప్పుడు పైపు తిరగదు కాబట్టే మేట పెరుగుతుంది.

అసలు "చిక్కదనం" అని దేన్ని చూసి అంటున్నాం? ఎక్కువమంది మార్ష్ ఫన్నెల్ సెకన్లు చెబుతారు. 1931 నాటి ఈ గరాటు నుంచి ఒక క్వార్టు మంచినీళ్లు దిగడానికి 26 సెకన్లు పడుతుంది. రెండు మడ్‌లకూ 50 సెకన్లు రావచ్చు. ఒకటి సన్నటి రాతిపొడి పేరుకుని చిక్కబడింది, రెండోది జాంథన్ గమ్ అనే చిక్కబరిచే జిగురు కలిపింది. మొదటిది పంపుకు భారమే తప్ప కటింగ్స్‌ను అంతగా మోయదు. చూడాల్సింది విస్కోమీటర్‌లో (చిక్కదనం కొలిచే పరికరం) 3, 6 ఆర్‌పీఎం రీడింగులు, అంటే మడ్ నెమ్మదిగా కదిలేటప్పటి చిక్కదనం.

ఇక షేకర్ సంగతి. 12¼ అంగుళాల బావిలో 30 మీటర్లు తవ్వితే సుమారు 2.3 ఘనమీటర్ల రాయి తెగుతుంది. రాతి సాంద్రత 2.6 అనుకుంటే దాదాపు 6 టన్నులు. అంత రాయి షేకర్ దాటలేదంటే లోపలే ఉంది. రాళ్లు రావడం ఆగడానికి రెండు కారణాలుండొచ్చు: బావి ఖాళీ అయ్యుండాలి, లేదా మేట కదలకుండా పడుకుని ఉండాలి. షేకర్ ఒక్కదాన్ని చూసి ఈ రెంటిలో ఏది నిజమో చెప్పలేం. పైపు తిప్పుడు పెంచి చూడండి. కాసేపటికి షేకర్ మళ్లీ నిండితే జవాబు తెలిసినట్టే. టార్క్ (పైపు తిప్పడానికి పట్టే బలం), పైపు లాగేటప్పుడు హుక్ లోడ్ (కొక్కెం మీద పడే బరువు) లెక్కకు మించి పెరుగుతున్నా అనుమానించాలి. కటింగ్స్ మడ్‌తో సమానంగా పైకి రావు కాబట్టి అడ్డం బావిలో ఒక్క బాటమ్స్ అప్‌తో (అడుగునున్న మడ్ పైకి చేరేంతసేపటి పంపింగ్‌తో) సరిపెట్టడం తొందరపాటే.

పిల్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. నిలువు బావిలో అది పనిచేస్తుంది. వాలు బావిలో పైపు తిప్పకుండా పంపితే మేట మీదుగా జారిపోయి పైకొస్తుంది, చూసేవాళ్లకు మాత్రం పని జరిగినట్టే కనిపిస్తుంది. అక్కడ మేటను కెలకడానికి ముందు పలచటిది, దాని వెనక బరువు పెంచినది పంపడం మేలు. పిల్ షేకర్ చేరేదాకా పైపు తిప్పడం గానీ పంపింగ్ గానీ తగ్గించకూడదు.