దిష్టికి ఒకటి, చెత్తబుట్టకు ఒకటి

దసరా మరుసటి రోజు పొద్దున్నే అనంతపురంలో బండి తీసినవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది. ప్రతి అంగడి ముందూ కుంకుమ పూసిన బూడిద గుమ్మడికాయలు పగిలి, గుజ్జు రోడ్డంతా పరుచుకుని ఉంటుంది. సప్తగిరి సర్కిల్ దగ్గర బ్రేకు వెయ్యాలంటే టెన్షన్. నమ్మకాల జోలికి నేను పోను, మా గుమ్మానికీ ఒకటి వేలాడుతోంది. కానీ కట్టడానికీ కొట్టడానికీ తప్ప ఆ కాయ మనకు గుర్తే రావడం లేదు. సినిమా షూటింగు ముగిస్తే గుమ్మడికాయ కొడతారు కదా, మన వంటింట్లో గుమ్మడికాయకే గుమ్మడికాయ కొట్టేశాం.

ఇదే మనుషులు బెంగళూరు పోయి హోటల్లో కాశీ హల్వా తిని ఆహా అంటారు. అది బూడిద గుమ్మడే. ఆగ్రా నుంచి ఎవరో తెచ్చిన పేఠా డబ్బా ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. అదీ బూడిద గుమ్మడే. ఇంట్లో వడియాలు పెట్టమంటే మాత్రం ఓపిక లేదంటారు. కాయ తరిగి, ఉప్పు కలిపి, గుడ్డలో మూటగట్టి బరువు పెడితే తెల్లారేసరికి నీళ్ళు పోతాయి. మినప్పిండి, పచ్చిమిర్చి కలిపి ఎండబెట్టాలి. ఎండకు మన జిల్లాలో కరువా?

ఇక తీపి గుమ్మడి. ఇది పుట్టింది అమెరికా ఖండాల్లో. మెక్సికోలో ఒక గుహలో దాదాపు 10 వేల ఏళ్ళ నాటి గుమ్మడి గింజలు దొరికాయి. మిరపకాయ కూడా అటువైపు నుంచి వచ్చిందే. దాన్ని నెత్తిన పెట్టుకున్న మనం దీన్ని సంతలో ముక్కలు కోసి అమ్ముతుంటే చూసీ చూడనట్టు పోతాం. ఎవరైనా ఒక ముక్క కొన్నా, ఇంటికి రాగానే గింజలన్నీ చెత్తబుట్టలోకి. సాయంత్రం అదే మనిషి సూపర్‌మార్కెట్లో ఆకుపచ్చ గుమ్మడి గింజల ప్యాకెట్ కొని 'సూపర్ ఫుడ్' అని స్టేటస్ పెడతాడు! అయ్యా, నువ్వు పారేసిన తెల్ల గింజ పైపొట్టు తీస్తే లోపల ఉన్నది ఆ ఆకుపచ్చ పప్పే. 100 గ్రాముల పప్పులో 30 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. మెగ్నీషియం, జింకు కూడా బాగా ఉంటాయి. గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, ఉప్పు చల్లి పెనం మీద వేయిస్తే అయిపోయె. పొట్టు ఒలుచుకోవడం విసుగే, కాదనను. చెనిక్కాయలు ఒలుచుకుంటూ పెరిగిన జిల్లా మనది, ఈ మాత్రం చేతకాదా?

షుగర్ ఉన్నవాళ్ళయితే తియ్యగా ఉంటుందని దూరం జరుగుతారు. 100 గ్రాముల గుమ్మడిలో 90 గ్రాములకు పైగా నీళ్ళే. పిండిపదార్థం సుమారు 7 గ్రాములు. అంతే బరువు అన్నంలో 28 గ్రాముల దాకా ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి గుమ్మడి గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 75 కదా అంటారు, అందుకే ముందే చెబుతున్నా. ఆ అంకె 50 గ్రాముల పిండిపదార్థం తిన్నప్పటి లెక్క. గుమ్మడిలో అంత రావాలంటే ఒక పూటకు ముప్పావు కిలో తినాలి. ఎవరు తింటారు? అన్నం మూడోసారి పెట్టించుకుని, గుమ్మడి ముక్క పక్కకు తోసేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. కూరలో గుప్పెడు బెల్లం వేశారా, అప్పుడు మాత్రం తప్పు కాయది కాదు. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించుకోవాల్సినవాళ్ళు డాక్టర్ని అడిగి తినండి.

ఆ నారింజ రంగు బీటా కెరోటిన్‌ది. ఒంట్లో అది విటమిన్ ఏ అవుతుంది, కంటి చూపుకు కావాల్సింది అదే. అది ఒంటికి పట్టాలంటే కూరలో కాస్త నూనె ఉండాలి. డైటింగ్ పేరుతో గుమ్మడిని వట్టి నీళ్ళలో ఉడికించుకుని తినేవాళ్ళు, రుచి పోయిందని ఏడవడంతో పాటు దీనికీ ఏడవాలి. మన పులుసు చూడండి. చెనిక్కాయ నూనెలో ఆవాలు, నాలుగు మెంతులు, ఎండుమిర్చి, దంచిన తెల్లగడ్డ. ఎర్రగడ్డ మగ్గాక గుమ్మడి ముక్కలు, తొక్కతోనే, పెద్దవిగా. తొక్క తీస్తే ముక్క పులుసులో కరిగిపోతుంది. ముక్క సగం ఉడికాకే చింతపండు పులుసు పోయాలి, ముందే పోస్తే గట్టిపడి ఎంతకీ ఉడకదు. చివర్లో వేయించిన చెనిగ్గింజలు, నువ్వుల పొడి. పులుపూ కారం మధ్య ఆ తీపి తగులుతుంటే రాగి సంగటి ముద్ద ఎలా జారిపోతుందో తెలియదు. ఇది వడ్డించాల్సిన పెళ్ళి భోజనాల్లో ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా పనీరే.

'ఆడవాళ్ళు గుమ్మడికాయ పగలగొట్టకూడదు, మొదటి దెబ్బ మగాడే వెయ్యాలి' అనే మాట ఉంది కదా. వేస్తారు. వేసి టీవీ ముందుకు పోతారు. తొక్కా గింజా వంటా గిన్నెలు తోమడం మాత్రం ఆమె పనే.

ఇంత పొగిడానని రేపటి నుంచి పరగడుపున బూడిద గుమ్మడి రసం తాగి షుగర్ మాత్రలు మానకండి. వాట్సాప్‌లో తిరిగే ఆ వీడియోల్ని నేను మోయను. ఇది కూరగాయ, మందు కాదు. ముక్క చేదుగా తగిలితే మొహమాటం లేకుండా పారెయ్యండి. ఆ చేదు పదార్థం వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది, ఉడికించినా పోదు.

చిన్న కుటుంబానికి అంత కాయ ఏం చేసుకోవాలి అంటారా? కొయ్యని కాయ ముదిరినదైతే గాలి తగిలేచోట రెండు మూడు నెలలు ఉంటుంది, ఫ్రిజ్ అక్కర్లేదు. కోశాక మాత్రం గింజలూ లోపలి పీచూ తీసేసి ఫ్రిజ్‌లో పెట్టాలి, కుళ్ళు అక్కడే మొదలవుతుంది. మిగతా ముక్కలు పక్కింటికీ ఎదురింటికీ పంపండి. గింజలు మాత్రం అడిగి వెనక్కి తెచ్చుకోండి.