తప్పు చెప్తే సృజన చచ్చిపోతుందట!

"బొమ్మలు గీయడం గురించి 6 నిజాలు" అనే మెసేజ్ మళ్ళీ గ్రూపుల్లో తిరుగుతోంది. పంపేవాళ్ళంతా మంచి మనసుతోనే పంపుతున్నారు, అదే చికాకు. చూడనివాళ్ళ కోసం సారాంశం: గీయడం పుట్టుకతో రావాలి. చేయి వణికేవాళ్ళకి రాదు. అసలైన ఆర్టిస్టు స్కేలు, రబ్బరు ముట్టుకోడు. ఫోటోమీదా కాగితంమీదా గళ్ళు కొట్టి, గడికి గడి చూసి దించితే 30 రోజుల్లో వచ్చేస్తుంది. ఖరీదైన పెన్సిళ్ళ సెట్టు లేనిదే మొదలుపెట్టొద్దు. పిల్లల బొమ్మల్లో తప్పులు ఎంచితే సృజన చచ్చిపోతుంది కాబట్టి "సూపర్" అని ఊరుకోండి.

మొదటిదీ నాలుగోదీ ఒకే మెసేజ్‌లో ఎలా కాపురం చేస్తున్నాయో! పుట్టుకతో రావాల్సింది నెల రోజుల్లో ఎలా వచ్చేస్తుంది?

సరే, పుట్టుక సంగతే చూద్దాం. చిత్రకారుడు దామెర్ల రామారావు కన్నా సహజంగా గీసే చేయి ఏదంటే తెలుగువాళ్ళం కాస్త తడుముకోవాల్సిందే. అంతటివాణ్ణి కూడా రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఇక నేర్చుకునేదేం లేదని వదిలెయ్యలేదు, బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ దారి పట్టించాడు. వాన్ గో 1880లో, 27వ ఏట, చిత్రకారుణ్ణవుతానని నిశ్చయించుకుని ఫ్రెంచి చిత్రకారుడు షార్ల్ బార్గ్ నేర్చుకునేవాళ్ళ కోసం వేసిన అభ్యాస చిత్రాలను వరసపెట్టి కాపీ చేశాడు. పదేళ్ళ తర్వాత, 1890లో, వాటిలో కొన్నింటిని మళ్ళీ ముందేసుకున్నాడు. ఇష్టం, చూపు కొందరికి ముందే ఉండొచ్చు. సాధన ఎవరికీ ముందే ఉండదు.

చేయి వణకడం. జబ్బు వల్ల వణికేవాళ్ళ సంగతి వేరు. మిగతావాళ్ళ గీత వంకరపోయేది భయంతో నెమ్మదిగా గీయడం వల్ల. నెమ్మదిగా గీస్తున్నంతసేపూ కన్ను దిద్దుతూనే ఉంటుంది, ఆ దిద్దుబాట్లే వణుకులా కనిపిస్తాయి. మణికట్టు ఆనించి 15 సెంటీమీటర్ల గీత గీయబోతే మణికట్టు చుట్టూ చేయి తిరిగి గీత వంగుతుంది. రెండు చుక్కలు పెట్టండి. చేతికి వాటంగా ఉండేలా కాగితం తిప్పుకోండి. పెన్ను ఆనించకుండా, భుజం నుంచి చేయి ఆడిస్తూ నాలుగైదుసార్లు గాల్లోనే గీయండి. తర్వాత ఒక్క ఊపులో లాగేయండి. రెండో చుక్క దాటిపోతే పోనీండి, ముందు గీత తిన్నగా రావాలి. రోజుకి ఒక ఏ4 పేజీ చాలు.

మూడోదాంట్లో సగం ఒప్పుకుంటాను. అభ్యాసాల మట్టుకు రబ్బరు పక్కన పెట్టమనడం మంచి సలహానే. కారణం మాత్రం ఆర్టిస్టు గారి మహత్యం కాదు. పెన్నుతో గీస్తే చెరపలేం గనక గీసేముందే ఆలోచిస్తాం, తప్పు కాగితం మీదే ఉంటుంది గనక తర్వాత చూసుకోగలం. పెట్టెల అభ్యాసమే తీసుకోండి. చేత్తో ఒక పెట్టె గీసి, కనబడని అంచులతో సహా 12 అంచులనూ మనకి దూరంగా పోయే వైపుకి రంగు పెన్నుతో పొడిగించండి. నాలుగేసి చొప్పున మూడు జట్లు వస్తాయి. ఏ జట్టులోనైనా నాలుగు గీతలూ పోనుపోను దగ్గరవ్వాలి. విడిపోతుంటే ఆ అంచు తప్పు. ఎక్కువగా దెబ్బతినేది వెనక కనబడని మూల దగ్గరే, మిగతావన్నీ గీసేశాక ఆ మూలని ఎలాగోలా అతికిస్తాం కాబట్టి. ఈ పొడిగింపులకి స్కేలు వాడుకోండి, ఎవరూ శపించరు.

గళ్ళు. సినిమా బ్యానర్లు గీసినవాళ్ళు చిన్న ఫోటోని పెద్ద గుడ్డమీదికి ఎక్కించడానికి గళ్ళు కొట్టేవారు. వాళ్ళకి గీయడం ముందే వచ్చు. 30 రోజులు గళ్ళు నింపినవాణ్ణి అదే ముఖాన్ని కాస్త పక్కకి తిప్పి గీయమనండి, సంగతి తేలిపోతుంది.

పెన్సిళ్ళ సెట్టు: ఒక హెచ్‌బీ, ఒక 4బీ, ఒక బాల్ పెన్ను, ప్రింటర్ కాగితాలు. ముందుకెళ్దాం.

అసలు విషం ఆరోదాంట్లో ఉంది. పదేళ్ళ పిల్ల బల్లమీది స్టీలు గ్లాసు గీసిందనుకోండి. మూతి రెండు కొసలూ మామిడాకులా సూదిగా ఉన్నాయి. అడుగేమో స్కేలు పెట్టినట్టు అడ్డగీత. మీరు "సూపర్" అన్నారు. ఇంకో వంద గ్లాసులు గీసినా వందోది కూడా ఇలాగే ఉంటుంది, కాకపోతే మరింత ధీమాగా ఉంటుంది. "బాగాలేదు" అన్నారు. గ్లాసులు గీయడమే మానేస్తుంది. రెండు మాటల్లోనూ ఆ పిల్లకి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.

చెప్పాల్సింది ఇది: "మూతి కొసల్ని చూడమ్మా, ఎక్కడైనా గుచ్చుకునేలా ఉన్నాయా? గుండ్రంగా తిరిగి వెనక్కి పోతున్నాయి. ఇప్పుడు గ్లాసుని మెల్లగా కంటి ఎత్తుకి లేపు." మూతి సన్నబడుతూ చివరికి గీతలా మూసుకుపోవడం తనే చూస్తుంది. కంటికి ఎంత కిందికి పోతే గుండ్రం అంత తెరుచుకుంటుందన్నమాట. అడుగు మూతికన్నా కిందే కదా, దాని వంపు మూతి వంపుకన్నా ఎక్కువే ఉండాలి, అడ్డగీత ఎలా అవుతుంది? తర్వాత ఒక పేజీ నిండా కోలగుండ్రాలు, ఒక్కోదాన్ని చేయి ఆపకుండా రెండుసార్లు తిప్పి గీయాలి. మొత్తం ఐదు నిమిషాల మాట. ఇందులో సృజనని ఎవరు, ఎక్కడ, ఏ ఆయుధంతో చంపారో ఆ మెసేజ్ రాసిన మహానుభావుడే చెప్పాలి.

తప్పు చెప్పడానికీ ఒక వరస ఉంది. ముందు పాళ్ళు (ఏది ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి అన్నది), తర్వాత ఆకారం కట్టిన తీరు, ఆ తర్వాత గీత, చిట్టచివర షేడింగ్. మనవాళ్ళు సరిగ్గా చివరినుంచి మొదలుపెడతారు. ముఖం గీసి చూపిస్తే "కనురెప్పలు ఇంకొంచెం ఒత్తుగా వెయ్యి" అంటారు, కళ్ళేమో నుదుటిమీద ఉంటాయి. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు సుమారు సగంలో ఉండాలి. జుట్టు కింద కూడా తల ఉంటుందని మరిచిపోయి పైకి ఎక్కించేస్తారు. ఒకసారికి రెండు తప్పులకి మించి చెప్పకండి. వాళ్ళ కాగితంమీద మీ చేయి పెట్టకండి, ట్రేసింగ్ పేపర్ పరిచి దానిమీద చూపించండి. బొమ్మని ఫోటో తీసి ఫోన్‌లో ఎడమా కుడీ తిప్పి చూపిస్తే చాలా తప్పులు వాళ్ళే పట్టేస్తారు.

క్లాసందరి ముందూ కాగితం ఎత్తి చూపి నవ్వించే మాస్టార్లున్నారు, కాదనను. ఈ ఆరో పాయింటు ఆ మంటలోంచి పుట్టి ఉంటే అర్థం చేసుకోగలను. నాలుగేళ్ళవాడు తలకాయలోంచే కాళ్ళు మొలిచిన అమ్మ బొమ్మ తెస్తే కొలతలు తియ్యక్కర్లేదు, ఆ వయసులో పిల్లలు అలా గీయడం మామూలే. గోడకి అంటించండి. పదేళ్ళకొచ్చేసరికి లెక్క మారుతుంది. సరిగ్గా రాలేదని పిల్లలే గుర్తుపట్టి కాగితం నలిపేస్తుంటారు. అప్పుడు మీరనే "సూపర్" అబద్ధమని వాళ్ళకి తెలుసు.