కంప్యూటర్లలో ఈ అలర్ట్ శబ్దాలు పెట్టినవాళ్లు ఒక్కసారైనా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నారా?

ఎడమ చెవి ఇంకా గుయ్యిమంటూనే ఉంది. ఒంగోలులో ఇంట్లో కూర్చుని రికార్డింగులు విని టైప్ చేసే పని నాది. ఇవాళ వచ్చిన ఫైల్లో పెద్దాయన గొంతు మరీ సన్నగా ఉంది. బయట కర్నూలు రోడ్డు మీద లారీల హారన్లు. వాల్యూమ్ పూర్తిగా పెంచి ఒక్కో మాటా పట్టుకుంటున్నా. సరిగ్గా అప్పుడే బ్యాటరీ తగ్గిందని కంప్యూటర్ ఠంగుమని మోగింది. హెడ్‌ఫోన్స్ పీకి మంచం మీదకు విసిరేశా.

ఏందబ్బా ఇది! బ్యాటరీ తగ్గితే తెర మీద చూపిస్తే చాలదా? గొంతు సన్నగా ఉందని మనం వాల్యూమ్ పెంచుతాం. అలర్ట్ శబ్దం ముందే గట్టిగా తయారై ఉంటుంది. రెండింటికీ వాల్యూమ్ ఒకటే కాబట్టి గొంతు కోసం పెంచిందంతా దానికీ చేరుతుంది. స్పీకరైతే ఆ మోత గదిలో కొంత చెదిరిపోతుంది. హెడ్‌ఫోన్స్‌లో నేరుగా కర్ణభేరి మీదే పడుతుంది. పెద్ద శబ్దం వస్తే చెవిలో ఒక చిన్న కండరం బిగుసుకుని కొంత అడ్డుకుంటుంది, కానీ హఠాత్తుగా వచ్చినదానికి అది బిగుసుకునేలోపే దెబ్బ తగిలిపోతుంది.

"ఒక్క మోతకే చెవులు పోతాయా అక్కా" అన్నాడు మా తమ్ముడు. ఒక్కటేనా? మెయిల్‌కో మోత, మీటింగ్‌కో మోత, అప్‌డేట్‌కో మోత, రోజంతా అదే. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదంటారు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది. ఆ లెక్కన 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు చచ్చిపోతే మనిషికి మళ్లీ పుట్టవు. అది వాడికి చెబితే ఫోన్ చూసుకుంటూ ఊఁ కొడుతున్నాడు, వాడి చెవుల్లోనూ ఇయర్‌బడ్స్!

విండోస్ ఉన్నవాళ్లు ఇప్పుడే సౌండ్ సెట్టింగ్స్‌లో సౌండ్ స్కీమ్‌ని 'నో సౌండ్స్' చేసేయండి. మోత అసలు లేకపోతే కుదరదంటే వాల్యూమ్ మిక్సర్‌లో 'సిస్టమ్ సౌండ్స్' ఒక్కటే కిందికి దించండి. మ్యాక్‌లో అలర్ట్ వాల్యూమ్‌కి విడిగా స్లైడర్ ఉంటుంది. మీటింగ్ యాప్‌ల రింగుటోన్లు మాత్రం ఆ యాప్‌ల్లోకి వెళ్లి ఆపాలి. ఇదంతా మనం వెతుక్కుని చేసుకోవాలట. అమ్మేటప్పుడే తగ్గించి ఇస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

నాకు ఇంత కోపం ఎందుకొస్తుందో మా ఇంట్లోవాళ్లకు తెలుసు. మా పెదనాన్న చీమకుర్తి దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేశాడు. ఇయర్‌ప్లగ్స్ ఇచ్చిన పాపాన పోలేదు. చెవుల్లో దూది పెట్టుకుని వెళ్లేవాడు, దూది ఆ మోతను ఆపుతుందా? మొదట పక్షుల అరుపులు వినపడలేదు. తర్వాత మనవరాలి మాటలు. పెళ్లిళ్లలో ఎవరైనా పలకరిస్తే అర్థం కాక నవ్వి తలూపుతాడు. వెనకాల "చెవిటి మాలోకం" అనుకునే చుట్టాలు ఉన్నారు, ఈ పోస్ట్ వాళ్లూ చదువుతారు, చదవనీండి.

శబ్దం వల్ల వచ్చే చెవుడు అప్పట్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉండేది. ఆయన గురించి ఎవరు తెలియజేశారు? పరీక్ష చేసిన డాక్టరు చెవి మిషన్ కొనుక్కోమని రాసిచ్చి పంపేశాడు. ఖర్చులో కొంతైనా ఇమ్మని మా పెద్దమ్మ ఫ్యాక్టరీకి వెళ్తే, వయసు మీద పడితే ఎవరికైనా అంతేనమ్మా అని పంపించారు. యాభై కూడా నిండని మనిషికి వయసు మీద పడిందా?