ఐరిష్ రికార్డులన్నీ 1922లోనే కాలిపోయాయా? అంత సీన్ లేదండీ

"ఐర్లాండ్‌లో పాత రికార్డులన్నీ 1922లో డబ్లిన్‌లో తగలబడిపోయాయి, ఇక ముత్తాతల గురించి వెతకడం దండగ" అని ఒక పోస్టు తెగ తిరుగుతోంది. మా వియ్యపురాలు అమెరికాలో పుట్టిన ఐరిష్ ఆవిడ, అది చూసి నిజంగానే వెతకడం ఆపేశారు, అందుకే ఇది రాస్తున్నా.

మంట నిజమే. అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, జూన్ 30న, ఫోర్ కోర్ట్స్‌లో, అంటే డబ్లిన్‌లోని పెద్ద కోర్టుల సముదాయంలో, ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలింది. మిగతాదే మసాలా.

"జనాభా లెక్కలన్నీ అందులోనే పోయాయి" అట. 1821 నుంచి 1851 దాకా ఉన్నవి చాలావరకు పోయాయి, ఒప్పుకుంటా. కానీ 1861, 1871వి అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ప్రభుత్వమే నాశనం చేయించింది, 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధం టైంలో గుజ్జు చేసేశారు, ఆ పాపం కూడా మంట మీదకి తోస్తే ఎలా? 1901, 1911 నిక్షేపంగా ఉన్నాయి, నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఫ్రీ. ఇంకో తమాషా ఏంటంటే 1909లో ముసలివాళ్ళ పింఛను మొదలైంది, 70 ఏళ్ళు నిండాయని చూపించాలి, జననాల రిజిస్ట్రేషన్ ఏమో 1864లోగానీ రాలేదు, దాంతో జనం 1841, 1851 లెక్కల్లో తమ పేర్లు వెతికించుకున్నారు. ఆ వెతికిన ఫారాలు మిగిలాయి, అంటే కాలిన పేజీల్లోంచి కొన్ని కుటుంబాలు బయటపడ్డట్టే కదా.

"చర్చి రిజిస్టర్లూ బూడిదే" అనేది పెద్ద తప్పు. ప్రొటెస్టెంట్లైన చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ వాళ్ళవి సగానికి పైగా పోయాయి. కాథలిక్కులవి అసలు అక్కడికి వెళ్తేగా! ఏ పారిష్‌వి, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతానివి, ఆ పారిష్‌లోనే ఉన్నాయి, నేషనల్ లైబ్రరీ మైక్రోఫిల్మ్ తీసి 2015లో ఆన్‌లైన్‌లో పెట్టింది. లాటిన్‌లో ఉంటే జేమ్స్ కాస్తా జాకోబస్ అవుతాడు, కంగారు పడకండి. బాప్తిస్మం ఎంట్రీలో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా చాలావరకు ఉంటుంది, అదే బంగారం. పడమటి పల్లెల్లో చాలాచోట్ల రిజిస్టర్లు ఆలస్యంగా మొదలయ్యాయి, అది వేరే బాధ.

"సొంత భూమి లేనోళ్ళ పేరు ఎక్కడా ఉండదు" అని కూడా ఉంది. గ్రిఫిత్స్ వాల్యుయేషన్ అని ఒకటుంది, 1847 నుంచి 1864 వరకు పన్ను కోసం భూములకీ ఇళ్ళకీ విలువ కట్టిన సర్వే, అందులో యజమాని పేరొక్కటే కాదు, ఎవరి అనుభవంలో ఉందో కూడా రాశారు, మన అడంగల్‌లా అనుకోండి. ఒకే ఊళ్ళో ఇద్దరు జాన్ రయన్‌లుంటే పక్కన బ్రాకెట్‌లో తండ్రి పేరో, జుట్టు రంగో పెట్టేవాళ్ళు. భార్యాపిల్లల పేర్లు మాత్రం ఆశించొద్దు. తర్వాత వచ్చిన సవరణ పుస్తకాల్లో పాత కౌలుదారు పేరు కొట్టేసి రంగు ఇంకుతో కొత్త పేరు, ఏడాది వేశారు. ముసలాయన పోయాడో, ఓడెక్కాడో అక్కడ కొంచెం తెలుస్తుంది.

వీటిలో మనవాళ్ళెవరో తేల్చుకోవాలంటే టౌన్‌లాండ్ పేరు, అంటే ఊరికంటే చిన్న ముక్క, తెలియాలి. "కార్క్ జిల్లా" అంటే కుదరదు. మా వియ్యపురాలు ఇప్పుడు అటక మీది పాత ఉత్తరాలు దింపించారు, ఆ పేరు కోసమే.