కంటి కెమెరాను పంటు ఎక్కించండి

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ బరువు పెరిగి ఇంటికొస్తే గండం గట్టెక్కిందనే అందరూ అనుకుంటారు. కానీ కంటి లోపల రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ అనే, చూపు పోగొట్టే జబ్బు అప్పటికే మొదలై ఉండొచ్చు. కంటి వెనక తెర అయిన రెటీనాకు రక్తనాళాలు అల్లుకోవడం నెలలు నిండేదాకా సాగుతుంది. ముందే పుడితే అది మధ్యలో ఆగుతుంది. అవసరానికి మించి ఆక్సిజన్ అందితే నాళాలు అడ్డదిడ్డంగా పెరిగి, చివరికి రెటీనానే ఊడదీస్తాయి. తొలి దశలో కన్ను ఎర్రబడదు, నీరు కారదు. తల్లి కనిపెట్టే వీలే లేదు.

అందుకే 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల కన్నా తక్కువ బరువున్నా 30 రోజుల్లోపు కంటి పరీక్ష చేయాలి. మరీ ముందు పుడితే రెండు మూడు వారాలకే. చికిత్స కావాలని తేలాక రెండు మూడు రోజుల్లో లేజర్ చికిత్స జరగాలి.

కోనసీమలో చాలా ఇళ్లలో పురిటిబిడ్డను నెల తిరక్కుండా గడప దాటించరు. 'కంటి పరీక్షకు రమ్మని కాగితం మీద రాసిచ్చాం, వాళ్లే తీసుకురాలేదు' అంటారు డాక్టర్లు. రాస్తారు, ఇంగ్లిషులో! ఆచారాన్ని తిట్టడం తేలిక. కిలోన్నర బిడ్డను ఒళ్లో పెట్టుకుని సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి, నరసాపురంలో దిగి, మళ్లీ బస్సు పట్టుకోమంటే ఏ అమ్మమ్మ ఒప్పుకుంటుంది? నేనైనా ఒప్పుకోను.

కర్ణాటకలో కిడ్రాప్ పథకం 2008 నుంచి ఈ చిక్కు విప్పుతోంది. టెక్నీషియన్లే కెమెరాతో జిల్లాల్లోని నవజాత శిశు కేంద్రాలకు వెళ్తారు, ఫొటోలను బెంగళూరు డాక్టర్లు చూస్తారు. మన దగ్గర రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గిందంటే మేత కంపెనీ మనిషి కిట్టు పట్టుకుని గట్టు మీదికే వస్తాడు. పసిబిడ్డ దగ్గరికి ఎవరూ రారేం?

అసలు జబ్బు ఇక్కడుంది. ఆస్పత్రిలో ఎన్ని కాన్పులయ్యాయో ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంటుంది, ఇంటికెళ్లిన బిడ్డ ఊసెత్తదు. బడి, బ్యాంకు, కంటి పరీక్ష, ఏదైనా సరే లంకల జనమే ఏరు దాటి రావాలన్నది మన పాలన తీరు. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం, బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ కంటిజబ్బు పేరుంది. పేరుంటే చాలదు. అమలాపురం కేంద్రంగా ఒక కెమెరా, దాన్ని లంకలకు మోసుకెళ్లే ఇద్దరు టెక్నీషియన్లు కావాలి, అదీ వరదల కాలానికి ముందే. 2022 జూలైలోలా గోదావరి పొంగితే పంటు ఆగిపోతుంది, 30 రోజుల గడువు ఆగదు.