సవరణ: తాగి బండి నడపడం గురించి నేను రాసినదాంట్లో రెండు తప్పులు

మొన్న తాగి బండి నడిపేవాళ్ల గురించి రాస్తూ, పట్టుబడితే జరిమానా 2,000 రూపాయలన్నాను. అది పాత లెక్క. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

రెండో తప్పు ఇంకా పెద్దది. లారీవాళ్లే తాగి నడుపుతారన్నట్టు రాశాను. అనంతపురం బైపాస్‌లో టీ కొట్టు దగ్గర ఒక లారీ డ్రైవరన్న ఆ పోస్టు తీసి నా ముందు పెట్టాడు. "తెల్లారేలోగా బెంగళూరులో లోడు దించాల సార్. తాగితే నా పిల్లోల్ల గతేంగాను? పెండ్లి విందులో తాగి బుల్లెట్టెక్కేవాళ్లను రాయండి" అన్నాడు. క్యాబిన్ అద్దం పక్కన కూతురి స్కూలు ఫోటో అతికించి ఉంది. నాకు నోట మాట రాలేదు.

నిజమే. "రెండు బీర్లే కదా, నిమ్మకాయ నీళ్లు తాగితే దిగిపోతుంది" అనే మాట నేను ఎక్కువగా విన్నది మా బంధువుల నోటే. నిమ్మరసం, మజ్జిగ, కాఫీ ఏదీ దించదు. కాలేయం తన వేగంతోనే, గంటల తరబడి దించుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరమే.

ఆ అన్నకు క్షమాపణలు. పాత పోస్టులో ఆ వాక్యాలు తీసేశాను.